పాత ఫోటోలో ఉన్నది బ్రిటన్ తొలితరం డీజిల్ రైళ్లలో ఒకటేనా? గుర్తుపట్టే పద్ధతి

బ్రిటన్‌లో ఆవిరి ఇంజన్ లాగకుండా తన ఇంజన్‌తో తానే నడిచే డీజిల్ ప్రయాణికుల రైళ్లు 1930లలోనే తిరిగాయి. వాటి పాత ఫోటోల కింద తేదీ, ఊరు లేకపోయినా, బండి ఒంటి మీదే చాలా ఆధారాలు ఉంటాయి. ముందుగా ఆకారాన్ని చూడాలి, ఎందుకంటే నలుపు తెలుపు ఫోటోలో రంగు ఏమీ చెప్పదు.

ముక్కు గుండ్రంగా ఉండి, చక్రాలను దాదాపుగా కప్పేస్తూ పక్కపలకలు కిందికి దిగి ఉంటే, అది గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి రైల్‌కార్ (ఇంజన్ తనలోనే ఉన్న ప్రయాణికుల పెట్టె) అయ్యే అవకాశం ఎక్కువ. ఏఈసీ సంస్థ బస్సు ఇంజన్ల తరహా ఇంజన్‌తో తయారుచేసిన మొదటి రైల్‌కార్ 1933 డిసెంబరులో సేవలోకి వచ్చింది. మరుసటి ఏడాది, రెండేసి ఇంజన్లూ ఫలహారశాలా ఉన్న కార్లు కార్డిఫ్, బర్మింగ్‌హామ్ నగరాల మధ్య వేగంగా నడిచాయి. తర్వాత బఫర్లను, అంటే పెట్టెలు ఒకదానికొకటి తగిలినప్పుడు దెబ్బను తట్టుకునేలా చివర్లలో ఉండే మొద్దులను చూడండి: 1937 నాటి 18వ నంబరు కారుకు మామూలు బఫర్లు, కలుపుకొక్కేలు ఉన్నాయి కనుక, అది వెనక మరో పెట్టెను లాగగలిగేది. 1940 నుంచి వచ్చినవాటిలో గుండ్రదనం తగ్గి కోణాలు తేలాయి. 1942 నాటికి మొత్తం 38 తయారయ్యాయి.

ముఖం బల్లపరుపుగా ఉండి, రెండు మూడు పెట్టెలు కలిసి ఉంటే, అది బహుశా బ్రిటిష్ రైల్వేస్ (1948లో రైల్వేలను జాతీయం చేశాక ఏర్పడిన సంస్థ) కాలపు బండి. ఇక్కడ నంబరే అసలు సాక్షి. 1954 జూన్‌లో లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతంలో మొదలైన డెర్బీ లైట్‌వెయిట్ (డెర్బీలో తయారైన తేలికపాటి) బండ్ల తరానికి 79తో మొదలయ్యే అయిదంకెల నంబర్లు ఇచ్చారు. 50, 51, 56 వంటి వాటితో మొదలైతే ఆ తర్వాతి తరమని అనుకోవచ్చు. నంబరు ముందున్న ఎం అక్షరం లండన్ మిడ్‌లాండ్ ప్రాంతాన్నీ, డబ్ల్యూ పశ్చిమ ప్రాంతాన్నీ సూచిస్తుంది.

ఆపై భూతద్దం పట్టుకుని ముందు భాగంలో బఫర్ల పైన వెతకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం అక్కడే ఉంటుంది: ఎర్ర త్రిభుజం, పసుపు డైమండ్, నీలి చతురస్రం, నారింజ నక్షత్రం, తెల్ల వృత్తం. వేర్వేరు గుర్తులున్న బండ్లను కలిపి ఒకే డ్రైవర్ నడపడానికి వీలుండేది కాదు కాబట్టి, షెడ్డులో పనిచేసేవారు ఒక్క చూపులో తెలుసుకోవడానికి వీటిని వేశారు. ఒక్కో గుర్తుకు ఒక్కో ఆకారం ఉండటం వల్ల, రంగులేని ఫోటోలోనూ అవి పట్టుబడతాయి. త్రిభుజం కనిపిస్తే లీడ్స్ ప్రాంతపు తొలి బండ్లను తలచుకోవాలి. చతురస్రం మాత్రం తర్వాత ఎక్కువ బండ్ల మీద కనిపించేదే.

తేదీ కోసం ముఖాన్ని చూడండి. పిల్లి మీసాల్లాంటి తెల్లగీతలు ఉంటే ఫోటో 1956కు ముందుది కాదు, కానీ బండి అంతకన్నా పాతదై ఉండవచ్చు. తర్వాత రంగు వేసి ఉంటారు. పసుపు పలక ఉంటే 1960లలోకి వచ్చినట్టే.

లోపలి నుంచి తీసిన ఫోటో అయితే డ్రైవర్ వెనక అద్దాన్ని గమనించండి. ఆవిరి రైలులో ప్రయాణికుడికి మామూలుగా దొరకని దృశ్యం, అంటే ముందుకు పరుచుకుంటూ పోయే పట్టాలు, ఆ అద్దం గుండా కనిపించేవి. చీకటి పడితే లోపలి వెలుగు డ్రైవర్‌కు అడ్డుకాకుండా తెర దించేవారు. ఇంకా సందేహం ఉంటే, ఇంగ్లండ్‌లోని డిడ్‌కాట్ రైల్వే కేంద్రంలో భద్రంగా ఉన్న గ్రేట్ వెస్టర్న్ 22వ నంబరు రైల్‌కార్ ఫోటోను పక్కన పెట్టుకుని, కిటికీల అమరికను, ముక్కు అంచును ఒక్కొక్కటిగా సరిపోల్చి చూడండి.