చవక ఐసీలతో ఎల్‌ఈడీ వెలిగించే ముందు

మొన్న మా స్నేహితుడి టేబుల్ ల్యాంప్ మాడిపోయింది. 3 వాట్ల తెల్ల ఎల్‌ఈడీకి బక్ మాడ్యూల్ (వోల్టేజీని తగ్గించే చిన్న బోర్డు) తగిలించి, మల్టీమీటర్‌లో 3.3 వోల్టులు రాగానే వోల్టేజీ మార్చే స్క్రూ తిప్పడం ఆపి మూత బిగించేశాడు. తర్వాత విప్పి చూస్తే ఎల్‌ఈడీ మీది పసుపు పొర నల్లబడింది, కింద ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయింది. అంటుకోలేదు, అదే పదివేలు.

ప్లస్, మైనస్ చూసుకోండి, టంకం సరిగ్గా పెట్టండి అని చెప్పను, అవి మీకు తెలుసు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఒక్కచోటే: ఎల్‌ఈడీకి వోల్టేజీ సెట్ చేసి ఊరుకోవడం. సెట్ చేయాల్సింది కరెంట్. ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ దాని ఫార్వర్డ్ వోల్టేజీ (వెలగడానికి దానికి కావాల్సిన వోల్టేజీ) డిగ్రీకి రెండు మూడు మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది, మీరేమో అదే 3.3 ఇస్తూ ఉంటారు, దాంతో కరెంట్ పెరుగుతుంది, ఆ కరెంట్‌కి ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికి కరెంట్ మళ్లీ పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు మీటర్ చూపిన అంకె కాసేపటికి ఎందుకూ పనికిరాదు.

కరెంట్‌ని పట్టి ఉంచే ఐసీలు (చిప్‌లు) కూడా చవకలోనే ఉన్నాయి. 12 లేదా 24 వోల్టుల సప్లై ఉంటే పీటీ4115 పెట్టండి. 0.1ని సెన్స్ రెసిస్టర్ (కరెంట్‌ని కొలవడానికి దానికి తగిలించే చిన్న రెసిస్టర్) విలువతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో వచ్చేస్తుంది, 0.3 ఓమ్‌కి సుమారు 330 మిల్లీఆంప్స్. ఒక్క లిథియం సెల్ అయితే ఏఎంసీ7135 చాలు, 350 మిల్లీఆంప్స్ దగ్గర అదే ఆపుతుంది.

ఎంటీ3608 వోల్టేజీని పెంచే ఐసీ, దాని మాడ్యూళ్ల మీద చెప్పే 2 ఆంపియర్లు అవుట్‌పుట్‌లో వస్తాయని నమ్మకండి. 5 వోల్టులను 12కి పెంచితే అందులో సగం కూడా దక్కదు. అది బూస్ట్, ఇన్‌పుట్ కంటే కిందికి దించలేదు. 12 వోల్టులిచ్చి అవతల ఒక్క ఎల్‌ఈడీ పెడితే కాయిల్, డయోడ్ గుండా కరెంట్ నేరుగా వెళ్లి కాల్చేస్తుంది.

బక్ మాడ్యూళ్లలో వాడే ఎల్‌ఎం2596 ఐసీలో నకిలీలు ఎక్కువ, 3 ఆంపియర్లు అని ఉన్నా నమ్మకండి. స్క్రూ తిప్పి అవుట్‌పుట్ కొలిచాకే లోడ్ కలపండి. ఏఎంఎస్1117, 7805 వోల్టేజీని ఒకే దగ్గర నిలిపే రెగ్యులేటర్లు. ఏఎంఎస్1117కి ఇన్‌పుట్ 15 వోల్టులు దాటనివ్వకండి. 7805కి 12 ఇచ్చి అర ఆంపియర్ లాగితే 3.5 వాట్లు వేడిగా పోతాయి, హీట్‌సింక్ లేకుండా వద్దు. ఎల్‌ఈడీలను ప్యారలల్‌గా కలపకండి. కరెంటు లైనుకి నేరుగా కలిపే డ్రైవర్లలో చాలావాటికి ఐసోలేషన్ (అవుట్‌పుట్‌ని కరెంటు లైను నుంచి విడదీసే ఏర్పాటు) ఉండదు, ప్లగ్ పీకకుండా ఎల్‌ఈడీ ప్లేటు ముట్టుకోకండి. మళ్లీ చెప్తున్నా, వోల్టేజీ కాదు, కరెంట్ సెట్ చేయండి. మూత పెట్టే ముందు అరగంట వెలిగించి కరెంట్ మళ్లీ కొలవండి. మొదట చూసిన అంకె దగ్గరే ఉంటేనే బిగించండి.