వాన రాకముందే తూములు చూసుకోండి

రోడ్డు మీద నీళ్లు నిలిచాక మ్యాన్‌హోల్‌కు మూత ఉందో లేదో కంటికి కనిపించదు. చూడవలసింది ఎండ కాస్తున్నప్పుడే. వానలకు నెల ముందే, పిల్లలు బడికి వెళ్లే దారితో మొదలుపెట్టి, వీధిలోని ప్రతి మూతను, ప్రతి జాలీని చూడండి. వాహనం మీదుగా వెళ్లినప్పుడు టకటకలాడే మూత సరిగ్గా కూర్చోలేదన్నమాట. లోపలి నీరు పైకి తన్నితే ముందు లేచేది అదే.

జాలీ ఊచల మధ్య టేపు పెట్టి కొలవండి. సందు 10 సెంటీమీటర్లు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. ఊచలు దారి వెంట నిలువుగా ఉంటే సైకిల్ చక్రం దిగబడుతుంది, అడ్డంగా ఉండాలి.

పెద్ద పైపులకు జాలీ బిగిస్తే చాలని చాలామంది అనుకుంటారు. నోటికి నేరుగా బిగించిన జాలీ కూడా ప్రాణం తీయగలదు. 60 సెంటీమీటర్ల పైపు నోరు మీటరు లోతు నీటిలో పూర్తిగా మూసుకుపోతే దానిపై పడే ఒత్తిడి దాదాపు 280 కిలోల బరువుకు సమానం. ఆ ఒత్తిడిలో జాలీకి అతుక్కుపోయిన పిల్లవాణ్ణి చేతులతో లాగలేం. అందుకే దాన్ని నోటికి కాస్త దూరంగా, వాలుగా, నోటికంటే కొన్ని రెట్లు పెద్దదిగా కట్టాలి. అప్పుడు అక్కడ నీటి వేగం తగ్గుతుంది, కొట్టుకొచ్చిన మనిషి ఊచలు పట్టుకుని పైకి రాగలడు. చెత్త తీయకపోతే మాత్రం ఎంత మంచి జాలీ అయినా దండగే.

ఇదంతా ఒక మంచి అధికారి చొరవకు వదిలేస్తే ఆయన బదిలీతోనే పోతుంది. స్థానిక సంస్థ నిబంధనగా రావాలి. ‘తగిన చర్యలు తీసుకోవాలి’ అన్న వాక్యానికి ఒప్పుకోకండి. సందు ఎంత, తనిఖీ ఏ తేదీలోగా, మూత పోయిందని చెప్పాక ఎన్ని గంటల్లో బిగించాలి, తెరిచి వదిలేసిన కాంట్రాక్టరుకు జరిమానా ఎంత అన్నవి అంకెల్లో ఉండాలి. పాత తూములకూ గడువు పెట్టాలి, మూతల కింద వల ఉండాలి. అర్జీతో పాటు టేపు కనిపించేలా తీసిన ఫోటో ఇవ్వండి.

వాన మొదలయ్యాక 15 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీరు కూడా పెద్దవాళ్లను పడగొట్టగలదు. దాటక తప్పకపోతే కర్రతో ముందు నేల తడుముతూ నడవండి. సుడి తిరిగే చోటికి దగ్గరగా వెళ్లవద్దు. ఎవరైనా పడిపోతే వెంట దూకకుండా తాడు అందించండి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

పిల్లలు తూము దగ్గరికి వెళ్లేది చాలాసార్లు బంతి కోసమో, కొట్టుకుపోయిన చెప్పు కోసమో. పోతే పోనిమ్మని, ఇంట్లో ఎవరూ తిట్టరని ఇప్పుడే వాళ్లకు మాట ఇవ్వండి.