ఎముక స్లైడు: మైక్రోస్కోపులో కనిపించే నల్లగీతలు మాయం కాకుండా ఎలా చేయాలి?

ముదురు మేక కాలి నల్లి ఎముక తెచ్చుకోండి. లేత పిల్లదైతే గుండ్రటి హేవర్షియన్ వ్యవస్థలు (నడిమి కాలువ చుట్టూ ఉండే ఎముక పొరల వలయాలు) పెద్దగా కనబడవు. మూలుగ తీసి, సర్ఫు నీళ్లలో గంట ఉడికించి, గీకి, ఎండబెట్టండి. కీళ్ల దగ్గర స్పాంజి ఎముక ఉంటుంది కాబట్టి నడిమి భాగంలోనే, హ్యాక్సా బ్లేడుతో మిల్లీమీటరు మందాన అడ్డంగా బిళ్ల కోయండి. గాజుపలక మీద వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి 220, 400, 600, 1000 నంబర్ల వరుసలో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే ఆ ధూళంతా ఊపిరితిత్తుల్లోకే. వేలు ఒకేచోట నొక్కితే ఒక అంచు ముందే అరిగి చిట్లుతుంది. కింద పెట్టిన అచ్చు అక్షరాలు చదవగలిగాక నెమ్మదించి, సుమారు 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) దగ్గర ఆపండి.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. పాడయ్యేది అతికించేటప్పుడే.

మైక్రోస్కోపులో నల్లగా కనిపించే లాక్యునాలు (ఎముక కణాలు ఉండే చిన్న గుంటలు), వాటి నుంచి సన్నగా పాకే కెనాలిక్యులైలు (సన్నని దారులు) కణాలు కావు. కణాలు ఎప్పుడో పోయాయి. మిగిలిన ఖాళీల్లో గాలి ఉంది. ఆ గాలే నల్లగా కనబడుతుంది. రికార్డు పుస్తకంలో దాన్నే కణమని గుర్తించేవాళ్లకు లెక్కలేదు.

గాలి నిలవాలంటే ముందు ఖాళీల్లో జిడ్డు, తడి ఉండకూడదు. బిళ్లను ఒక రాత్రి అసిటోన్‌లో ఉంచండి, పొయ్యికి దూరంగా. తర్వాత ఆరబెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు వానాకాలంలో ఫ్యాను గాలిని నమ్మొద్దు. తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో మూతపెట్టి మర్నాటిదాకా వదిలేయండి.

అతికించే పారదర్శక జిగురు డీపీఎక్స్‌ను సీసాలోంచి నేరుగా పోయకండి. అందులోని జైలీన్ అనే ద్రావకం సన్నదారుల్లోకి జారి గాలిని తోసేస్తుంది, చూస్తుండగానే గీతలు అద్దంలా తేటపడి కనబడకుండా పోతాయి. స్లైడు మీద చుక్క వేసి, తీగపాకంలా సాగేదాకా ఆగి, అప్పుడు బిళ్ల పెట్టి పలుచని గాజు కవర్‌స్లిప్ మూయండి. అసలేమీ పోయకుండా పొడిగా మూసే పద్ధతీ ఉంది కానీ, వాటర్ పేపర్ రాపిడి గీతలన్నీ పైకి తేలి చిరాకు పెడతాయి.

యాసిడ్‌తో సున్నం తీసి కోసే పద్ధతి కణాలు చూడటానికి మంచిదే. కెనాలిక్యులైలు కావాలంటే మాత్రం దాని జోలికి పోవద్దు.

10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో చూస్తే దాదాపు 200 మైక్రాన్ల వలయాలు, నడుమ హేవర్షియన్ కాలువ కనబడాలి. నల్లగీతలు లేకుంటే బిళ్లను జైలీన్‌లో నానబెట్టి విడదీసి, బాగా ఆరబెట్టి మళ్లీ అతికించండి.