పక్క మ్యాట్ చూడకండి: యోగా డేకి ముందు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం మా బ్యాచ్‌లో ఒకావిడ మోకాలు పట్టుకుని కూలబడిపోయారు. యాభై దాటిన మనిషి, చేరి పట్టుమని పది రోజులు కాలేదు. ముందు వరసలో అమ్మాయి పద్మాసనం వేయడం చూసి, ఈవిడా కుడి పాదాన్ని రెండు చేతులతో లాగి ఎడమ తొడ మీదికి ఎక్కించారు. టప్‌మన్న శబ్దం నాకూ వినపడింది. దగ్గరికి వెళ్ళేలోపే జరగాల్సింది జరిగిపోయింది. స్కాన్‌లో మెనిస్కస్, అంటే మోకాలి కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగిందని తేలింది.

జూన్ 21 వస్తోంది. 2015లో మొదటి యోగా డే జరిగినప్పటి నుంచి ఏటా చూస్తున్నాను, ఏడాదంతా కదలని ఒంటితో ఆ ఒక్క వారంలోనే అన్నీ వేసేయాలని చూస్తారు. ఖాళీ కడుపు, వదులు బట్టలు మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

నేను చూసిన దెబ్బల్లో చాలావాటికి మూలం ఒకటే: పక్క మ్యాట్ చూసి చేయడం. తుంటి కీలు నిర్మాణం అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ఎన్నేళ్ళు సాధన చేసినా తొడ అంతగా బయటికి తిరగదు. అది బద్ధకం కాదు, ఎముక తీరు. తుంటి తిరగనప్పుడు పాదాన్ని లాగితే ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. అందుకే పిర్రల కింద దుప్పటి మడతపెట్టి సుఖాసనంలో, అంటే మామూలు బాసింపట్టులో, కూర్చోండి. మోకాళ్ళు గాల్లో తేలుతుంటే కింద దిండ్లు పెట్టండి. అదీ కష్టమైతే కుర్చీ తెచ్చుకోండి. కుర్చీలో చేసినా ప్రాణాయామం ప్రాణాయామమే.

కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలోనూ ఇదే తప్పు. పక్కవాళ్ళకు కాలివేళ్ళు అందాయని మనమూ వంగుతాం. వీపు విల్లులా గూని కడుతుంది, గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, ఊపిరి ఆగిపోతుంది. వేళ్ళు అందుతాయి, నడుము పోతుంది. మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదాలకు తువ్వాలు తగిలించి పట్టుకుని, తుంటి దగ్గర నుంచి వంగండి. ఎక్కడ ఊపిరి బిగిసిందో అక్కడే మీ హద్దు.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పింది ‘స్థిరసుఖమాసనమ్’ అని. కదలకుండా, హాయిగా ఉండాలన్నారే గానీ వేళ్ళు అందాలనలేదు. మైసూరులో కుర్రాళ్ళతో కఠినమైన సాధన చేయించిన పేరున్న యోగా గురువు కృష్ణమాచార్య కూడా తర్వాత మద్రాసులో ఒక్కొక్కరి వయసు, ఆరోగ్యం చూసి విడివిడిగా నేర్పారు. ఆయన మనిషిని బట్టి మార్చగా లేనిది, మనకెందుకు మొహమాటం?

బీపీ అదుపులో లేనివాళ్ళు ఊపిరి బిగపట్టకండి, తల కిందికి వాలే ఆసనాలు వేయకండి. గ్లకోమా అనే కంటి జబ్బు ఉంటే శీర్షాసనం, సర్వాంగాసనం వద్దే వద్దు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పి ఉంటే వీపు గుండ్రంగా చేసి ముందుకు వంగొద్దు, వెన్నుపూస నలిగిపోవచ్చు.

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు కపాలభాతి, అంటే పొట్టను లోపలికి కొడుతూ ఊపిరిని వేగంగా వదిలే సాధన, చేయొద్దు. మూర్ఛ ఉన్నవాళ్ళు కూడా.

వీడియో చూసి శీర్షాసనం నేర్చుకోవద్దు.

వెనక నుంచి ఎవరైనా వీపు మీద నొక్కబోతే ‘వద్దండీ’ అని గట్టిగా చెప్పండి. గురువైనా సరే.

సాగినట్టు అనిపిస్తే ఫర్వాలేదు. కీలు లోపల గుచ్చినా, కాల్లోకి తిమ్మిరి పాకినా వెంటనే బయటికి రండి. నేర్పేవాళ్ళు లెక్కపెట్టే అంకెలు పూర్తయ్యేదాకా ఆగొద్దు.

పిర్ర అడుగున ఎముక దగ్గర నొప్పి మొదలైతే ఇంకా సాగదీస్తే పోతుందనుకోకండి. ముదురుతుంది.

పక్క మ్యాట్ చూడొద్దు. ఫొటో కోసం ఇంకో అంగుళం వంగొద్దు. మీ పదేళ్ళ కిందటి ఒంటితోనూ పోల్చుకోవద్దు.

మీ జబ్బులు, మందులు, ఆపరేషన్లు ముందురోజే నేర్పేవాళ్ళకు చెప్పండి. గుంపులో ఎవరూ అడగరు, మీరే వెళ్ళి చెప్పాలి. మ్యాట్ గోడ పక్కన వేసుకోండి, తూలితే చేయి ఆనుకోవచ్చు.