కొత్త హాస్టల్, కొత్త ఉద్యోగం: సిట్టింగులకు వెళ్లే ముందు

ఇల్లు వదిలి హాస్టల్లో చేరిన కొత్తల్లో, మొదటి జీతం చేతికొచ్చిన రోజుల్లో తాగుడు ఇట్టే అలవాటవుతుంది. అడిగేవాళ్లుండరు, స్నేహాలు ఇంకా కుదరవు, అందరిలో కలిసిపోవాలన్న తొందర మాత్రం ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో "కంపెనీ ఇవ్వరా" అంటారు. చాలామంది మొదటి గ్లాసు పట్టుకునేది మందు కోసం కాదు, ఆ మనుషుల కోసం.

"అందరూ తాగుతున్నారు" అన్న మాట నమ్మకండి. అమెరికా కాలేజీ విద్యార్థుల మీద పెర్కిన్స్, బెర్కోవిట్జ్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, తోటివాళ్లు తాగుడును నిజంగా ఒప్పుకునే దానికన్నా ఎక్కువగా ఒప్పుకుంటారని విద్యార్థులు భ్రమపడుతున్నట్టు తేలింది. గోల చేసేవాడు అందరికీ కనిపిస్తాడు. గదిలో పడుకున్నవాడి ఫొటో ఎవరు పెడతారు?

అసలు చిక్కు రౌండ్లతోనే. అందరిలోకీ వేగంగా తాగేవాడే మిగతావాళ్ల వేగాన్నీ నిర్ణయిస్తాడు. సగం గ్లాసులోనే మళ్లీ పోస్తుంటే ఎంత తాగారో లెక్క తెలియదు. కాబట్టి ఎంతవరకో కూర్చోకముందే అనుకోండి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పోయనివ్వకండి. మధ్యలో సోడా పట్టుకోండి. చేతిలో గ్లాసుంటే పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఒక మామూలు డ్రింకు, అంటే 30 మి.లీ. చిన్న పెగ్గు, ఒంట్లోంచి పోవడానికి దాదాపు గంట పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది త్వరగా దిగదు.

వద్దనడానికి కారణాలు చెప్పకండి, చెబితే వాదన మొదలవుతుంది. "ఈరోజు వద్దు" చాలు. వీలైతే తాగని స్నేహితుణ్ని వెంటబెట్టుకు వెళ్లండి. వద్దనేవాళ్లు ఇద్దరుంటే బలవంతం సగం తగ్గిపోతుంది.

"వాడికి బాగా ఆగుతుంది" అని మెచ్చుకుంటారే, నా దృష్టిలో ముందుగా కంగారుపడాల్సింది వాడి గురించే. కిక్కు ఆలస్యంగా ఎక్కేవాళ్లు ఎక్కువ తాగుతారు, వ్యసనం ముప్పూ వాళ్లకే ఎక్కువ.

ఎవరైనా లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే, "పడుకోనివ్వండి, దిగిపోతుంది" అనుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. వాంతి గొంతుకు అడ్డుపడి ప్రాణం పోవచ్చు. వార్డెన్ తిడతాడన్న టెన్షన్ తర్వాత పడొచ్చు.

ఇప్పటికే రోజూ బాగా తాగుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయకూడదు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ముందు డాక్టర్‌ను కలిసి, ఆయన చెప్పినట్టు మానాలి.