ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో విలువల కార్యక్రమం: అన్నం క్యూ దగ్గర మొదలుపెట్టండి

ప్రార్థనలో రోజుకో సూక్తి చదివించడం, వరండా గోడ మీద నీతివాక్యాలు రాయించడం, ఆగస్టు 15కి వచ్చిన పెద్దమనిషి చేత క్రమశిక్షణ మీద మాట్లాడించడం. విలువల విద్య అంటే ఇంతే అనుకునేవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు. అవి ఎటూ జరుగుతూనే ఉంటాయి, ఆపమని నేనూ చెప్పను. కాకపోతే పొద్దున మైకులో సూక్తి చదివిన పిల్లోడే మధ్యాహ్నం అన్నం క్యూలో ఆరో తరగతి వాడిని నెట్టి ముందుకు దూరుతుంటాడు. పని మొదలుపెట్టాల్సింది ఆ క్యూలోనే.

నేను నెల్లూరు జిల్లా కలిగిరి, వింజమూరు వైపు ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. కావలి నుంచి, కనిగిరి నుంచి తోటి టీచర్లు ఫోన్ చేసి "మీ స్కూల్లో ఏదో చేస్తున్నారంట గదా, ఎట్టా మొదలుపెట్టారు?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. తొమ్మిది, పది తరగతులను ఇందులోకి లాగకండి. అక్కడ పబ్లిక్ పరీక్షల టెన్షన్ ముందు ఏదీ నిలవదు. ఆరు నుంచి ఎనిమిది దాకా వయసు మంచిది. మన మాట ఇంకా వింటారు, మనం చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటే వెంటనే పట్టేస్తారు కూడా.

వారానికి ఒక పీరియడ్ విలువలకు ఇవ్వడం కొత్తేం కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషనే వారానికి ఒకటి రెండు పీరియడ్లు ఇమ్మంది. 2024 నవంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించాక స్టాఫ్ రూముల్లో ఈ మాట మళ్లీ వినపడుతోంది. మంచిదే. కానీ పీరియడ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో వందేళ్ల కిందటే తెలిసిపోయింది. 1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలమంది పిల్లలకు మోసం చేసే అవకాశాలు కల్పించి చూశారు. పరీక్షలో, ఆటలో, ఇంటి దగ్గర చేసే పనిలో. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్ల ఇంకోచోట కూడా అలాగే ఉంటుందని గ్యారంటీ లేదని తేలింది. నీతిపాఠాలు విన్నంత మాత్రాన పెద్ద తేడా రాలేదనీ తేలింది. అందుకని ముందు మీ స్కూల్లో ఏ సమయంలో, ఏ మూల పిల్లలకు తప్పు చేయడం సులువుగా ఉందో వెతకండి.

ముందు చూడండి, రాసుకోండి

జూన్‌లో బడి తెరిచాక కొన్ని వారాలు ఏమీ ప్రకటించొద్దు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని పేజీకో చోటు పేరు పెట్టండి. అన్నం క్యూ, పళ్లేలు కడిగే కుళాయి, బాత్‌రూముల వైపు, స్లిప్ టెస్ట్, ఆటల పీరియడ్, సాయంత్రం ఆటో ఎక్కే చోటు. ఏం జరుగుతుందో రాయండి, పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు. పేర్లు రాస్తే అది నేరస్తుల చిట్టా అవుతుంది. ఎవరో ఒకరు చదివేస్తారు, అక్కడితో సరి.

వంట చేసే అక్కలను తప్పకుండా అడగండి. గుడ్డు రెండోసారి ఎవరు అడుగుతారు, చిక్కీ ఎవరి దగ్గర ఎవరు లాక్కుంటారు, ఏ పిల్ల తినకుండా డబ్బాలో పెట్టుకుని తమ్ముడికి తీసుకుపోతుంది, అన్నీ వాళ్లకు తెలుసు. స్టాఫ్ మీటింగ్‌లో వాళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడించండి. ఇందులో మొహమాటం పడే హెడ్మాస్టర్లను చూశాను. ఆ మొహమాటం పోకపోతే ఈ పని ఆయన వల్ల కాదు.

మూడే పెట్టుకోండి

పన్నెండు విలువలతో నెలకొకటి చొప్పున చార్టు వేసే పద్ధతి ఉంది. చూడ్డానికి బాగుంటుంది, ఇన్‌స్పెక్షన్‌కి బాగా పనికొస్తుంది. పిల్లలకు నవంబర్‌లో ఏ విలువో గుర్తుండదు, మనకూ గుర్తుండదు. మేం మూడే పెట్టుకున్నాం. వంతు, మాట, పేరు. వంతు అంటే ఎవరి వంతు వాళ్లకు రానివ్వాలి. మాట అంటే చెప్పింది చేయాలి, చేసింది చెప్పాలి. పేరు అంటే ఎవరినైనా వాళ్ల పేరుతోనే పిలవాలి.

మూడోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నల్లోడా, పొట్టోడా, బండోడా అనేవి పైకి వినపడతాయి. వినపడనివి ఇంకా ఉన్నాయి. కాలనీ పేరు పెట్టి పిలవడం, కులం పేరు చివర చిన్న నవ్వు తగిలించడం. మా జిల్లాలో యానాది అనే గిరిజన తెగ పిల్లలు చాలా బడుల్లో ఉన్నారు. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల కాపలాకి తల్లిదండ్రులు పోతే పిల్లలూ వెంట పోతారు, నెల రెండు నెలలకు తిరిగొస్తారు. అలా వచ్చిన రోజు తరగతిలో ఏం జరుగుతుందో మీ నోట్‌బుక్‌లో తప్పక రాయండి. సాధారణంగా టీచరే "ఓహో, ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అంటాడు, క్లాసంతా నవ్వుతుంది. మరుసటి రోజు ఆ పిల్లోడు రాడు.

దీనికి మేం పెట్టుకున్న పద్ధతి సులువైనది. తిరిగొచ్చిన పిల్ల పక్కన వారం పాటు ఒక తోడు కూర్చుంటుంది. జరిగిపోయిన పాఠాల నోట్స్ ఇవ్వడం, కుళాయి దగ్గరికి, అన్నానికి వెంట తీసుకుపోవడం దాని పని. తోడు ఎవరుండాలో టీచర్ చెప్పకూడదు, క్లాసులో ఎవరు చేయి ఎత్తితే వాళ్లే. మొదట్లో ఎవరూ ఎత్తరు. కంగారుపడి మీరే ఒకరిని లేపొద్దు, కాస్త ఆగండి.

పెద్దవాళ్ల లెక్క ముందు తేలాలి

పిల్లలకు చెప్పకముందే స్టాఫ్ మీటింగ్‌లో ఒక గంట కూర్చోవాలి. ఆ మూడూ మనకు కూడా వర్తిస్తాయా లేదా? పిల్లల క్యూని దాటి ముందు మన ప్లేటు పెట్టించుకుంటున్నామా? పీరియడ్‌లో ఫోన్ చూస్తున్నామా? మొద్దు, దున్నపోతు అంటున్నామా? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, టీచర్ నోట "ఒరే బండోడా" వచ్చిన బడిలో పేరు గురించి పాఠం చెబితే పిల్లలు మొహానే నవ్వుతారు. అందరూ ఒప్పుకోరు. మా దగ్గరా ఒప్పుకోలేదు. ముగ్గురు నలుగురు గట్టిగా నిలబడితే మొదలుపెట్టొచ్చు, మిగతావాళ్లు పిల్లల నోటికి జడిసి దారికొస్తారు. "సార్, మీ వంతు ఇంకా రాలా" అని ఆరో తరగతి పిల్ల అంటే ఎంతటివారైనా వెనక్కి తగ్గాల్సిందే.

ఎవరూ లేని దుకాణం

చేయడానికి పని లేకపోతే మాట, వంతు అనేవి గోడమీద రాతలే. పిల్లలకు నిజమైన బాధ్యత ఇవ్వాలి, తప్పు చేయడానికి నిజమైన అవకాశం కూడా ఉండాలి. చాలా బడుల్లో నడిచే నిజాయితీ దుకాణం ఇందుకు బాగా పనికొస్తుంది. వరండాలో ఒక బల్ల, దాని మీద ఐదు రూపాయల పెన్నులు, రబ్బర్లు, గ్రాఫ్ కాగితాలు, సోషల్‌కి కావాల్సిన అవుట్‌లైన్ మ్యాపులు. పక్కన మూతకు చీలిక పెట్టిన స్టీలు డబ్బా. ధరల కాగితం అంటించాలి. అమ్మే మనిషి ఉండడు. కావలిలో హోల్‌సేల్‌గా తెస్తే వెయ్యి, పదిహేను వందల సరుకు చాలు, స్టాఫ్ అంతా తలా కొంత వేసుకోవచ్చు. ఈ డబ్బు తిరిగి రాకపోవచ్చని ముందే అనుకుని వేయాలి.

శనివారం ఏడో తరగతి పిల్లలు నలుగురు లెక్క చూస్తారు. మీరు పక్కనుండండి, చేయి పెట్టొద్దు. మా దగ్గర ఒక శనివారం డబ్బా బోర్లిస్తే చిల్లరతో పాటు నాలుగు మడతల కాగితం పడింది. "రెండు పెన్నులు తీసుకున్నా. సోమవారం ఇస్తా." పేరు లేదు. లెక్క పది రూపాయలు తక్కువ. "ఇది దొంగతనమే సార్" అన్నాడు ఒకడు. "దొంగ చీటీ రాస్తాడా?" అంది పక్క పిల్ల. "పేరెందుకు రాయలా మరి?" "పేరు రాస్తే మీరు ఊరుకుంటారా?" ఇలా చాలాసేపు కొట్టుకున్నారు. చివరకు అప్పు పుస్తకం పెట్టాలని వాళ్లే తేల్చారు. పేరు, తీసుకున్నది, ఏ రోజు ఇచ్చేది. పుస్తకాన్ని దుకాణం పిల్లలు తప్ప ఇంకెవరూ తెరవకూడదు, టీచర్లు అస్సలు తెరవకూడదు. ఆ పది రూపాయలు సోమవారం రాలేదు, బుధవారం వచ్చాయి.

లెక్క తక్కువైన ప్రతిసారీ వచ్చే మొదటి ఆలోచన బ్యాగులు వెతకడం. ఒక్కసారి వెతికారంటే దుకాణం మూసేసుకోవచ్చు. తగ్గిన మొత్తాన్ని బోర్డు మీద రాసి వదిలేయండి. మరీ ఎక్కువైతే వారం రోజులు దుకాణం మూసి, ఎందుకు మూశారో ఆ నలుగురినే చెప్పనివ్వండి.

ఇంకొక మాట, బహుమతులు వద్దు. ఒక స్కూల్లో పోయిన వస్తువు తెచ్చిచ్చిన వాళ్ల పేరు ప్రార్థనలో చదివి చప్పట్లు కొట్టించేవారు. కొద్దిరోజులకే పోయే పెన్నులూ పెరిగాయి, దొరికే పెన్నులూ పెరిగాయి. ఎవరి పెన్ను ఎవరు దాచి ఎవరు తెచ్చిచ్చారో విచారించేసరికి హెడ్మాస్టర్‌కి తలనొప్పి పట్టుకుంది.

ఆ ఒక్క పీరియడ్‌లో ఏం చేయాలి

పీరియడ్‌లో కథ చెప్పి నీతి చెప్పొద్దు. సమాధానం ముందే తెలిసిన ప్రశ్న అడిగితే పిల్లలు మనకు కావాల్సింది అప్పజెప్పేసి కూర్చుంటారు. నిజంగా ఎటూ తేలని ప్రశ్నలు వాళ్ల బతుకులోంచే తీయండి. నెల్లూరు రొట్టెల పండుగకి మా పిల్లల ఇళ్ల నుంచి ఏ మతం వాళ్లైనా పోతారు. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్య రొట్టె తీసుకుంటారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి ఒక రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. తరగతిలో అడగండి: తీసుకుని, కోరిక తీరాక తిరిగి ఇవ్వడానికి పోకపోతే ఎవరైనా అడుగుతారా? మరి జనం ఎందుకు పోతున్నారు? మా ఎనిమిదో తరగతిలో దేవుడికి భయపడి అని కొందరు, ఇంకొకరికి అందాలి గదా అని కొందరు, అమ్మ తిడుతుందని ఒకడు. ఆ చివరివాడి మాట కొట్టిపారేయొద్దు, చాలామంది పెద్దవాళ్ల సంగతీ అంతే.

రెండోది మా పక్కనే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడుల్లో తాగుడు వల్ల ఒక ఇల్లు ఎలా చితికిందో చెప్పే పాఠం ఉండేది. 1992లో దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ లాంటివాళ్లు ముందు నడవగా సారాయి దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రమంతా సారాయి నిషేధం దాకా పోయింది. పిల్లలను వాళ్ల అవ్వల దగ్గరికి పంపి అప్పుడేం జరిగిందో అడిగి రాసుకురమ్మనండి. తెచ్చిన కాగితాలు తరగతిలో చదివించేటప్పుడు కాస్త జాగ్రత్త. కొందరి ఇళ్లల్లో తాగుడు ఇప్పటికీ ఉంది. ఇంటి సంగతి చెప్పమని ఎవరినీ బలవంతపెట్టొద్దు. చెప్పాలనిపించిన పిల్ల తర్వాత వచ్చి స్టాఫ్ రూమ్ బయట నిలబడుతుంది, అప్పుడు వినండి.

తప్పు చేస్తే

మూడు ప్రశ్నలు. ఏం జరిగింది? ఎవరికి ఇబ్బంది అయింది? దాన్ని ఎట్టా సరిచేస్తావు? కుళాయి విరగ్గొట్టిన పిల్లోడు గుంజీలు తీస్తే కుళాయి బాగుపడదు. ప్లంబర్ వచ్చిన రోజు పక్కనుండి సామాను అందించమనండి. మొదటి తప్పుకే తండ్రిని పిలిపించొద్దు. చాలా ఇళ్లల్లో ఆ సాయంత్రం బెల్టే మాట్లాడుతుంది, ఆ తర్వాత పిల్లోడు మనకు నిజం చెప్పడు.

తల్లిదండ్రులను పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కటే అడగండి. అప్పులవాడు వచ్చినప్పుడు "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లల చేత చెప్పించొద్దు. ఈ మాట అన్నప్పుడు అందరూ నవ్వుతారు. కొందరు తల దించుకుంటారు కూడా. ఇంకో పది విషయాలు చెబితే ఇది కూడా మర్చిపోతారు, అందుకే ఒక్కటి.

దీనికి మార్కులు, గ్రేడ్లు వద్దు. ఫలితం కావాలంటే జనవరిలో, సంక్రాంతి సెలవుల తర్వాత, జూన్‌లో రాసిన నోట్‌బుక్ తీసి అవే చోట్లలో మళ్లీ నిలబడి చూడండి. క్యూలో తోపులాట తగ్గిందా, తిరిగొచ్చిన పిల్లలు రెండోరోజు వస్తున్నారా, దుకాణం లెక్క ఎంత తేడా వస్తోంది. ఆటో ఎక్కే చోట మా స్కూల్లో ఏమీ మారలేదు, అక్కడ పెద్ద పిల్లలదే రాజ్యం. ఈ ఏడాది ఆటో డ్రైవర్లతోనే మాట్లాడుతున్నాం.

ఎండాకాలం బదిలీలు వస్తాయి. మొదలుపెట్టిన టీచర్ వెళ్లిపోతే ఇలాంటివి చాలా బడుల్లో ఆగిపోతాయి. కాబట్టి నోట్‌బుక్, అప్పు పుస్తకం, దుకాణం డబ్బా హెడ్మాస్టర్ బీరువాలో ఉండాలి, ఒక టీచర్ బ్యాగులో కాదు. ఏప్రిల్‌లో సెలవులకు ముందు, లెక్క చూసే ఏడో తరగతి వాళ్లు ఆరో తరగతి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండు శనివారాలు లెక్క నేర్పాలి. మిగిలిన సరుకు, డబ్బాలో ఉన్న డబ్బు, రావాల్సిన అప్పులు ఒక కాగితం మీద రాసి రెండు తరగతుల వాళ్లూ సంతకాలు పెట్టాలి.