మారిస్ మైనర్ పెట్రోలు పంపు జోలికి వెళ్లే ముందు

రాయగడ నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుండగా ఆగిపోయి, కాసేపటికి తనంతట తానే కదిలే పాత మారిస్ మైనర్ కారు అంటే నా అనుమానం ముందు ఇంజనుకు పెట్రోలు తోడే కరెంటు పంపు మీదికే పోతుంది.

పని ఆరుబయట నీడలో పెట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది. మంటలార్పే పొడి సిలిండరు చేతికందాలి. బకెట్ నీళ్లు పనికిరావు.

మొదట బ్యాటరీ ఎర్త్ తీగ విప్పండి. ఈ బండ్లలో చాలావాటికి బాడీకి కలిసేది పాజిటివ్! అలవాటుగా నల్ల తీగ పట్టుకోకుండా, బాడీకి ఏది వెళ్తోందో చూడండి.

వోల్టులు కొలిచే మీటరు తీగలు పంపుకు బిగించాకే బ్యాటరీ కలపండి. అక్కడ నిప్పురవ్వ పుట్టకూడదు.

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) నిండితే పంపు టక్‌టక్ చప్పుడు ఆగడం సహజం, లోపం కాదు. పెట్రోలు అందక బండి ఆగినప్పుడే పంపు దగ్గర వోల్టులు కొలవండి. 12 వోల్టులున్నా పంపు కదలకపోతే స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. కదిలిందా, లోపలి పాయింట్లు (కరెంటును కలిపి విడదీసే ముక్కలు) అరిగి ఉండొచ్చు.